పెడల్ స్టీల్ వెనక ఎన్ని పెట్టెలు?

అమెరికన్ కంట్రీ పాటల్లో గాయకుడు ఒక మాట ముగించి ఊపిరి పీల్చుకునే సందులో, ఏడుపుకీ పాటకీ మధ్యన ఉండే గొంతొకటి సాగుతూ వినిపిస్తుంది. అదే పెడల్ స్టీల్ గిటారు. దాన్ని భుజాన తగిలించుకోరు, ఒళ్లోనూ పెట్టుకోరు. నాలుగు కాళ్ల మీద బల్ల ఎత్తున నిలబడుతుంది, వాయించేవాళ్లు దాని ముందు కూర్చుంటారు. ఎడమచేతిలో గుండ్రటి స్టీలు కడ్డీ, కుడిచేతి వేళ్లకు తొడుగులు. ఎడమ పాదం కింద శ్రుతులు మార్చే పెడళ్లు, మోకాళ్లకు అటూ ఇటూ లీవర్లు, కుడి పాదం కింద వాల్యూమ్ పెడల్. ఒక్క స్వరం పలకడానికి ఒళ్లంతా ఇలా పనిచేసే వాద్యాలు బహు తక్కువ.

ఇంత చేసినా యాంప్లిఫయర్ లేకపోతే పక్కగదిలోకి కూడా వినిపించదు. వీణకున్నట్టు దీనికి కుండ లేదు. కనక తీగ మోగిన చోటు నుంచి స్పీకరు దాకా ఉన్న దారి కూడా వాద్యంలో భాగమే. ఆ దారిలో ఎన్ని పెట్టెలుండాలన్నదే ఇక్కడి తగవు. సంవాదం కోసం ఇద్దరిని కల్పించాను. ఒకాయన డాలస్‌లో స్థిరపడిన రిటైర్డు తెలుగు ఇంజనీరు, వారాంతాల్లో డాన్సు హాళ్లలో కంట్రీ బ్యాండుతో వాయిస్తాడు. రెండోది ఆయన అన్న కూతురు, ఆడియో సర్క్యూట్లు రూపొందించడం ఆమె ఉద్యోగం. బాబాయి దగ్గరున్న సరంజామా ఇది: గిటారు, వాల్యూమ్ పెడల్, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, కోరస్, గ్రాఫిక్ ఈక్వలైజర్, స్టీరియో డిలే, డిజిటల్ రివర్బ్, ప్రీయాంప్, పవర్ యాంప్, 15 అంగుళాల స్పీకర్లున్న పెట్టెలు రెండు. ఇవి కాక ఇంట్లో ఒక ఫెండర్ ట్విన్ రివర్బ్. వాద్యం సంగతి ఎవరికీ అభ్యంతరం లేదు. మిగతాదంతా వాదనే.

అమ్మాయి: బాబాయ్, ఎన్ని పెట్టెలున్నాయని నేను లెక్కపెట్టను. ఒక్కోదాన్నీ ఒకటే అడుగుదాం. నువ్వు లేకపోతే ఏ పని ఆగిపోతుంది?

బాబాయి: ఆ ప్రశ్న ఈ వాద్యాన్నే అడిగి ఉంటే ఇది పుట్టేదే కాదు తల్లీ. పందొమ్మిదో శతాబ్దం చివర హవాయిలో జోసెఫ్ కెకుకు గిటారు తీగల మీద ఉక్కు జరిపి వాయించాడు. వేళ్లుండగా ఉక్కెందుకు అనొచ్చు. 1935లో ఇక్కడే, ఫోర్ట్ వర్త్ వైపు మిల్టన్ బ్రౌన్ బ్యాండులో ఉన్న బాబ్ డన్ స్టీల్ గిటారుకు కరెంటు పెట్టి రికార్డులిచ్చాడు. చెక్క గిటారు చాలదా అనొచ్చు. 1953 చివర్లో వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’కి బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ నొక్కి, ఒక స్వరం కదలకుండా నిలిచి ఉండగా ఇంకో స్వరాన్ని పక్కనుంచి జార్చాడు. మరుసటి ఏడాది ఆ పాట దేశమంతా మోగింది. స్టీల్ వాయించే వాళ్లంతా తమ గిటార్లకు పెడళ్లు బిగించుకోవడం మొదలుపెట్టారు. చేర్చుకుంటూ వచ్చిన వాద్యం ఇది. నువ్వు చెప్పినట్టు తీసేసుకుంటూ పోతే మళ్లీ చెక్క గిటారు దగ్గర తేలతాం.

అమ్మాయి: కరెంటు సంగతి వదిలేస్తే, నువ్వు చెప్పినవి నీ చేతుల్లోనో కాళ్ల కిందో ఉండేవి. కడ్డీ జరుపుతావు, పెడల్ నొక్కుతావు, మోకాలితో లీవర్ తోస్తావు. అవి నువ్వు వాయించేవి. యంత్రాలన్నీ పేర్చిన ర్యాకులో ఉన్న కోరస్‌ని వాయిస్తున్నావా? ఎప్పుడో మర తిప్పి వదిలేశావు. అప్పట్నుంచీ ప్రతి పాటకూ అదే వణుకు. నాకు కనపడే గీత అక్కడుంది. వాయించేది ఉండాలి, ఊరికే అక్కడ కూర్చునేది ఎందుకుందో చెప్పుకోవాలి.

బాబాయి: మరి పీట్ డ్రేక్? స్టీల్ శబ్దాన్ని గొట్టం గుండా నోట్లోకి పంపి, పెదాలతో మాటలుగా మలిచి, 1964లో ‘ఫరెవర్’ అనే రికార్డు తెచ్చాడు. గిటారు మాట్లాడిందనుకున్నారు జనం. ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ 1969 రికార్డులో స్నీకీ పీట్ క్లైనో స్టీలుని ఫజ్ పెట్టెలోంచి పంపాడు. డేనియల్ లాన్వా 1983లో బ్రయన్ ఈనో ‘అపోలో’కి వాయించిన స్టీల్ విను. చంద్రుడి మీదికి వెళ్లినవాళ్ల సినిమా కోసం చేసిన సంగీతం అది. చుట్టూ ఆ ప్రతిధ్వనుల ఆకాశం లేకపోతే అందులో ఏం మిగులుతుంది?

అమ్మాయి: పీట్ డ్రేక్ ఆ పెట్టెను నోటితో వాయించాడు బాబాయ్, అది నా గీతకు ఇవతలే ఉంది. లాన్వా చేసింది ప్రతిధ్వనే వస్తువుగా సంగీతం. నువ్వు వాయించేది శనివారం రాత్రి డాన్సు హాల్లో, టూ-స్టెప్‌కీ వాల్ట్‌జ్‌కీ. అక్కడ గాయకుడి వెనక సందు నింపాలి, సోలో వచ్చినప్పుడు ముందుకు రావాలి. ఆ పనికి ఏం కావాలో చూద్దాం. ముందు కంప్రెసర్‌తో మొదలుపెడదామా?

బాబాయి: స్వరం సాగడానికి పెట్టుకున్నాను దాన్ని.

అమ్మాయి: సాగదీసేది నీ కుడి పాదం. నీకు చెప్పడమేంటిగానీ, వాదన కోసం చెబుతున్నాను. తీగ మీటిన క్షణంలో శబ్దం అన్నిటికంటే పెద్దది. తరవాత తరిగిపోతుంది. నువ్వు పెడల్ సగం దించి మీటుతావు, తీగ తగ్గుతున్నకొద్దీ పాదం దించుతూ పోతావు. వినేవాడికి స్వరం తగ్గినట్టే ఉండదు, ఒక్కోసారి పెరిగినట్టుంటుంది. కంప్రెసర్ చేసేదీ ఇదే, కాకపోతే దానికి పాట తెలియదు. ఎక్కడ ఊపిరి ఆపాలో నీ పాదానికి తెలుసు. పైగా రెండూ కలిస్తే నువ్వు తగ్గించినదాన్ని అది పెంచుతుంది, మధ్యలో పికప్ హమ్‌ని కూడా మోసుకొస్తుంది.

బాబాయి: సరే, అది పోనీ. నిజానికి దాని మీద నాకూ ప్రేమ లేదు.

కంప్రెసర్ ఇంత తేలిగ్గా ఊడిపోవడానికి కారణముంది. అది పాదం పనిని కాజేస్తోంది, ఆ పాదం పనే ఈ వాద్యానికి ప్రాణం. టామ్ బ్రమ్లీ 1964లో బక్ ఓవెన్స్ పాట ‘టుగెదర్ అగైన్’లో వాయించిన చిన్న సోలో ఎవరైనా ఒకసారి విని చూడాలి. తీగ మీటిన దెబ్బ ఎక్కడ పడిందో, పాదం ఎక్కడ అందుకుందో తెలియకుండా స్వరం ఎదుగుతుంది. నా దృష్టిలో పెడల్ స్టీల్ అంటే ఏమిటో చెప్పడానికి ఆ కొద్ది సెకన్లు చాలు.

అమ్మాయి: ఆ పాదం మాట వచ్చింది కనక యాంప్ సంగతి. పెడల్ సగంలో పెట్టి మీటుతున్నావంటే పైన కొంత శక్తి ఎప్పుడూ మిగిలి ఉండాలి. తూము తెరిచేది కొంచెమే అయినా చెరువు నిండుగా ఉండాలి కదా. ఆ మిగులు 10 డెసిబెల్స్ అనుకో, యాంప్ 10 రెట్ల వాట్లు దాచుకోవాలి. మామూలు గిటారువాడికి 20 వాట్ల వాల్వు యాంప్ కాస్త చిట్లితే అందం. నీకు చిట్లకూడదు. పది తీగల మీద మూడు నాలుగు స్వరాల కార్డ్ మీటినప్పుడు యాంప్ చిట్లితే ఆ స్వరాలు ఒకదాన్నొకటి కొట్టుకుని బురద అవుతుంది.

బాబాయి: అందుకేగా ట్విన్! 1963 నుంచీ ఉన్న యాంప్, 85 వాట్లు. స్టీల్ వాయించేవాళ్లలో దాని ముందు కూర్చోనివాడు అరుదు.

అమ్మాయి: ఇప్పుడు కంపెనీ మళ్లీ తయారుచేస్తున్న ట్విన్ బరువు సుమారు 29 కిలోలు. నీది పాతది, స్పీకర్లు మార్చింది, ఇంకా బరువు. అందుకే కదా నువ్వే దాన్ని ఇంట్లో వదిలేసి ర్యాకు కొన్నావు. తీరా ర్యాకూ రెండు స్పీకరు పెట్టెలూ కలిపితే ట్విన్ కంటే ఎక్కువ మోస్తున్నావు. వ్యాన్ నుంచి వేదికకు ఎన్నిసార్లు తిరుగుతావో నానమ్మ కూడా అడుగుతోంది.

బాబాయి: నీ మందేమిటి?

అమ్మాయి: క్లాస్-డి యాంప్ ఒకటి, తేలికపాటి నియోడిమియం అయస్కాంతమున్న స్పీకరు ఒకటి. వాల్వు యాంప్‌లో బరువంతా ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లది. క్లాస్-డిలో ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షల సార్లు పూర్తిగా తెరుచుకుని, పూర్తిగా మూసుకుంటాయి, మధ్యలో వేడి రూపంలో పోయేది తక్కువ. కరెంటు సరఫరా కూడా అదే పద్ధతి కనక పెద్ద ఇనుము అక్కర్లేదు. ఫెండర్ వాళ్లే 2019లో టోన్ మాస్టర్ ట్విన్ తెచ్చారు. 85 వాట్ల వాల్వు యాంప్‌ని అనుకరించడానికి లోపల 200 వాట్ల క్లాస్-డి పెట్టారు. బరువు 15 కిలోలు. అది నచ్చకపోతే క్విల్టర్, మిల్క్‌మ్యాన్ లాంటివాళ్లు స్టీల్‌ని మనసులో పెట్టుకునే యాంప్‌లు చేస్తున్నారు.

బాబాయి: ఇప్పుడు నా వంతు. బరువు తగ్గింది, ఒప్పుకున్నాను. సరళమైందా? ట్విన్ వెనక పలక విప్పితే ప్రతి ముక్కా కంటికి కనిపిస్తుంది. వాల్వు పోతే నేనే మారుస్తాను. రెసిస్టర్ కాలితే రంగు చూసి చెబుతాను. ఏ ఊళ్లోనైనా దాన్ని బాగుచేసేవాడు దొరుకుతాడు. నువ్వు చెప్పినదాంట్లో పోయేది ఒక బోర్డు. బోర్డంటే మొత్తం యాంపే. పైన మూడు మరలు, లోపల కంప్యూటర్. కంటికి కనపడని చిక్కును నువ్వు సరళమంటున్నావు. పెట్టెలు తగ్గించావు గానీ చిక్కును తగ్గించలేదు, దాచావు అంతే.

అమ్మాయి: అది నిజం.

బాబాయి: అంతేనా?

అమ్మాయి: అంతే. దానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పందం ఉంది. మోసుకెళ్లేది తేలికది, ఇంట్లో ఉండేది ట్విన్. తేలికది పాడైతే ఆ రాత్రికి పనికొచ్చేలా చిన్న యాంప్ ఇంకొకటి సంచిలో. పాతవాటిలో మధ్యే మార్గం కావాలంటే పీవీ నాష్‌విల్ 112 ఉంది. 80 వాట్లు, 12 అంగుళాల స్పీకరు, పూర్తిగా ట్రాన్సిస్టర్లది, సొంత రివర్బ్ ఉంది, స్టీల్ కోసమే చేసింది. దాన్ని విప్పి చూడగలవు.

ఈ చోట నా తూకం బాబాయి వైపే. సరళత్వం పేరుతో బాగుచేసే హక్కును మనం నిశ్శబ్దంగా వదులుకుంటున్నాం. రేడియోలకూ మిక్సీలకూ జరిగిందే యాంప్‌లకూ జరుగుతోంది. వాయిద్యం వాయించేవాడికి తన శబ్దం ఎక్కడ తయారవుతుందో తెలిసి ఉండడం చిన్న సంగతి కాదు. అయితే 60 దాటిన నడుముకు 29 కిలోలు కూడా చిన్న సంగతి కాదు. ఈ వాద్యానికి ఇప్పుడున్నవాళ్లలో చాలామంది పెద్దవాళ్లే. యాంప్ మోయలేక వాయించడం మానేసినవాడు మిగిల్చేది నిశ్శబ్దమే.

బాబాయి: ఇక ఈక్వలైజర్. అది లేకపోతే నా హై తీగలు చెవిలో గుచ్చుకుంటాయి, మధ్యలో డబ్బా మోగినట్టుంటుంది.

అమ్మాయి: ఆ డబ్బా మోత ఉండేది 800 హెర్ట్జ్ చుట్టుపక్కల. అందుకే పీవీ నాష్‌విల్ యాంప్‌లలో మిడ్‌కు రెండు మరలిచ్చారు, ఎంత తగ్గించాలో ఒకటి, ఎక్కడ తగ్గించాలో ఒకటి. స్టీల్ వాళ్లు దాన్ని 800 దగ్గర పెట్టి బాగా తగ్గిస్తారు. పది జారుడు మరల పెట్టె అక్కర్లేదు. మిగతాది ఈక్వలైజర్ పనే కాదు. నీ స్పీకరు పెట్టెలు నేల మీద, గోడ మూలన ఉంటాయి. నేలా గోడా బాస్‌ని పెంచుతాయి, నువ్వు మరతో తగ్గిస్తావు. స్పీకరు నీ మోకాళ్లకేసి పాడుతుంది కనక హై నీకు వినపడదు, దాన్ని పెంచుతావు, అది ముందు వరసలో వాళ్ల చెవుల్లో గుచ్చుకుంటుంది. ఒక కుర్చీ మీద పెట్టి కాస్త వెనక్కి వాల్చు. సగం మరలు మధ్యకు వచ్చేస్తాయి.

బాబాయి: అయినా హై తగ్గినట్టుండే రోజులున్నాయి. పెట్టెలు ఎక్కువై కాదు. గిటారు, పెడల్, యాంప్ మాత్రమే ఉన్నప్పుడు కూడా. పెడల్ పూర్తిగా నొక్కితే మెరుపు వస్తుంది, తేలిగ్గా ఉంచితే దుప్పటి కప్పినట్టవుతుంది.

అమ్మాయి: ఈ మాట చెప్పావు కనక కాగితం తీస్తాను. నీ వాల్యూమ్ పెడల్‌లో ఉన్నది 500 కిలోఓమ్‌ల పొటెన్షియోమీటర్. పాదం దించుతుంటే ఆ రెసిస్టెన్స్ రెండుగా చీలుతుంది. సరిగ్గా సగం సగం అయినచోట అవుట్‌పుట్ వైపు నుంచి చూస్తే రెండు ముక్కలూ పక్కపక్కన కలిసి 125 కిలోఓమ్‌లు. అక్కడి నుంచి యాంప్ దాకా 5 మీటర్ల కేబుల్ ఉందనుకో. మామూలు గిటారు కేబుల్‌కు మీటరుకు 100 పికోఫారడ్‌ల చొప్పున కెపాసిటెన్స్ ఉంటుంది, మొత్తం 500. ఈ రెండూ కలిస్తే వడపోత సర్క్యూట్టే. లెక్క వేస్తే సుమారు 2,500 హెర్ట్జ్ పైనున్నదంతా తరిగిపోవడం మొదలవుతుంది. నీ తీగ మెరుపంతా ఉండేది అక్కడే. పాదం పూర్తిగా దించితే రెసిస్టెన్స్ దారిలోంచి తప్పుకుంటుంది, మెరుపు తిరిగొస్తుంది. నువ్వు విన్నది భ్రమ కాదు.

బాబాయి: అంటే పాదంతో పాటు స్వరం రంగు కూడా మారుతోందన్నమాట. ఇన్నాళ్లూ నా చెవి ముసలిదైందనుకున్నాను.

అమ్మాయి: నీ చెవి బాగుంది. కేబుల్ ఒకటిన్నర మీటర్లకు కుదిస్తే ఆ తరుగు మొదలయ్యే చోటు 8,000 హెర్ట్జ్ దాటుతుంది. కానీ యాంప్‌ని పాదం దగ్గరికి తేలేం.

బాబాయి: చూశావా! నీ కనీస సరంజామాలోనే లోపం. మధ్యలో బఫర్ పెట్టాలి, కేబుల్ భారం పొటెన్షియోమీటర్ మీద పడకుండా అడ్డుకునే చిన్న సర్క్యూట్. తక్కువ పెట్టెలు ఎప్పుడూ మంచివి కావని నేనంటున్నది ఇందుకే. ఒక పెట్టె చేర్చితే దారి బాగుపడింది. లేదంటే కాంతితో పనిచేసే యాక్టివ్ వాల్యూమ్ పెడల్ కొనాలి, దానికీ కరెంటు కావాలి.

అమ్మాయి: బఫర్ కావాలి. విడి పెట్టె అక్కర్లేదు. డిలే కోసం నువ్వు వాడే స్టీరియో యంత్రాన్ని తీసేసి, పాత బాస్ డీడీ-3 పెట్టు. 1986 నుంచి ఉన్న చిన్న పెడల్, 800 మిల్లీసెకన్ల దాకా డిలే ఇస్తుంది. బాస్ పెడళ్లను ఆపేసినా సిగ్నల్ లోపలి బఫర్ గుండానే పోతుంది. దాన్ని వాల్యూమ్ పెడల్ పక్కనే జానెడు కేబుల్‌తో కలుపు. అక్కణ్నుంచి యాంప్ దాకా 5 మీటర్లున్నా, 10 ఉన్నా మెరుపు పోదు. ఒక్క పెట్టె రెండు పనులు చేస్తుంది. ఆపేస్తే సిగ్నల్‌ని బఫర్ లేకుండా నేరుగా పంపే, ట్రూ బైపాస్ అని గొప్పగా అమ్మే పెడల్ అక్కడ పెట్టావో, ఆపిన ప్రతిసారీ కేబుల్ మొత్తం మళ్లీ నీ పొటెన్షియోమీటర్ మీద పడుతుంది. డిలే వేసినప్పుడు ఒక రంగు, ఆపినప్పుడు ఇంకో రంగు.

బాబాయి: డిలే వాల్యూమ్ పెడల్ తరవాతే ఉండాలి, అది మాత్రం నేను ఎవరు చెప్పినా మార్చను. ముందు పెడితే పాదం ఎత్తగానే తోక తెగిపోతుంది. తరవాత ఉంటే నేను స్వరాన్ని మూసేసినా దాని ప్రతిధ్వని గాల్లో సాగుతూనే ఉంటుంది. కడ్డీ ఇంకో స్థానానికి జరుపుకునే వ్యవధి అక్కడే దొరుకుతుంది.

అమ్మాయి: అందులో మనకు తేడా లేదు.

బాబాయి: కోరస్?

అమ్మాయి: కోరస్ మీద నాకు కోపం ఉంది. నువ్వు ఈ గిటారు శ్రుతి చేసేటప్పుడు ఎంత సేపు కూర్చుంటావో నాకు తెలుసు. మేజర్ కార్డ్‌లో మూడో స్వరాన్ని కీబోర్డు శ్రుతికంటే దాదాపు 14 సెంట్లు దించుతావు. మన అంతర గాంధారం, 5:4. ఆ నిష్పత్తి కుదిరాక కార్డ్ అలల్లేకుండా నిలబడుతుంది. ఇ-నైన్త్ శ్రుతిలో మొదటి రెండు పెడళ్లూ నొక్కినప్పుడు ఇ మేజర్ జారి ఎ మేజర్ అవుతుందే, ఆ జారుడులో అందమంతా రెండు చివర్లా నిలకడగా ఉండడమే. కోరస్ పని స్వరం శ్రుతిని అటూ ఇటూ ఊపడం. అంతసేపు కష్టపడి ఆపిన అలలను మర తిప్పి మళ్లీ తెస్తున్నావు.

బాబాయి: దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. 80లలో అలవాటైంది, వదల్లేదు. తీసెయ్.

స్టీరియో మీద వాళ్ల వాదన ఎక్కువసేపు సాగలేదు. హాల్లో ఒక పక్క కూర్చున్నవాళ్లకు ఒక స్పీకరే వినిపిస్తుంది. సౌండ్ చూసే అబ్బాయి రెండు పెట్టెల్లో ఒకదానికే మైక్ పెడతాడు, డిలేలో సగం ఎవరికీ చేరదు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే స్టీరియో స్వర్గమే. అది వాయించేవాడి సుఖం, వినేవాడికి అందేది కాదు.

అమ్మాయి: ఇన్ని యంత్రాలు వద్దనడానికి ఇంకో కారణం ఉంది. పోయిన నెల హమ్ వస్తోందని ఏం చేశావో చెప్పు.

బాబాయి: ప్లగ్గుకు ఎర్త్ తప్పించే అడాప్టరు పెట్టాను. హమ్ పోయింది.

అమ్మాయి: హమ్‌తో పాటు నీ ప్రాణానికి ఉన్న కాపలా కూడా పోయింది. రెండు యంత్రాలు రెండు సాకెట్లలో ఉండి, మధ్యలో సిగ్నల్ కేబుల్ కూడా వాటిని కలిపితే ఎర్త్ చుట్టూ ఒక వలయం ఏర్పడుతుంది. 60 హెర్ట్జ్ మోత అక్కడిది. దానికి మందు సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, లేదా అన్నీ ఒకే సాకెట్టు నుంచి. ఎర్త్ పిన్ను మాత్రం ముట్టుకోకూడదు. లోపల ఎక్కడో వైరు ఊడి పెట్టెకు తగిలితే, ఆ కరెంటు నీ స్టీలు కడ్డీ దాకా వస్తుంది. నీ ఎదురుగా ఇంకో సాకెట్టు మీదున్న మైక్ ఉంటుంది. రెండు చేతులూ తగిలితే మధ్యలో ఉండేది గుండె.

ఇది టెక్సస్ సంగతి మాత్రమే కాదు. మన పెళ్లి పందిళ్లలో, దేవుడి ఉత్సవాల్లో, కీబోర్డుకీ యాంప్‌కీ మూడో పిన్ను విరిచేసి, ప్లగ్గు లేకుండా వైర్లే సాకెట్టులో గుచ్చి అగ్గిపుల్లలు దోపే అలవాటు చూస్తూనే ఉన్నాం. వాద్యకారులారా, దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి. మోతతో వాయించినా ఫరవాలేదు.

బాబాయి: సరే. ఇంక మిగిలింది ఓవర్‌డ్రైవ్. ఇది ఇవ్వను. చర్చిల్లో సేక్రెడ్ స్టీల్ వాయించేవాళ్లను చూడు, హౌస్ ఆఫ్ గాడ్ చర్చి నుంచి వచ్చిన రాబర్ట్ ర్యాండాల్ఫ్‌ని చూడు. స్టీల్ చిట్లుతూ అరుస్తుంటే జనం లేచి నిలబడతారు. ఈ వాద్యం ఎప్పుడూ మర్యాదగా ఏడవాలని ఎక్కడా రాసి లేదు. నేను నెలకోసారి బ్లూస్ వాళ్లతో వాయిస్తాను. అప్పుడేం చెయ్యమంటావు?

అమ్మాయి: అప్పుడు తీసుకెళ్లు. నా ఫిర్యాదు అసలు ఇక్కడే ఉంది బాబాయ్. కంట్రీ డాన్సు హాలు, బ్లూస్ రాత్రి, ఇంట్లో నువ్వొక్కడివే కూర్చుని ఆకాశంలోకి వాయించుకునే పొద్దులు. మూడు వేరు వేరు పనులు. మూడింటికీ ఒకే గుట్ట సిద్ధంగా ఉండాలనుకున్నావు. ప్రతి శనివారం ఆ మూడు పనుల బరువూ మోస్తున్నావు, ఒక పనే చేసి వస్తున్నావు. ఓవర్‌డ్రైవ్ చెడ్డదని నేనెక్కడన్నాను? వాల్ట్‌జ్ వాయించే రాత్రి అది కేవలం రెండు కేబుళ్లు, ఒక అడాప్టరు, ఊడిపోయే మూడు చోట్లు. పాట మధ్యలో శబ్దం ఆగిపోతే చీకట్లో వంగి వెతకాల్సినవి మూడు ఎక్కువ.

బాబాయి: ఇది వేరే మాట. ముందే ఇలా చెప్పి ఉంటే ఇంత వాదన అయ్యేది కాదు.

అమ్మాయి: నీతో వాదించాకే నాకూ తెలిసింది. పెట్టెలు ఎక్కువైనాయనే వచ్చాను.

బాబాయి: అయితే శనివారానికి గిటారు, వాల్యూమ్ పెడల్, డీడీ-3, తేలిక యాంప్. రివర్బ్ యాంప్‌లోదే. బ్లూస్ రాత్రికి ఓవర్‌డ్రైవ్ ఒక్కటే చేరుతుంది, వాల్యూమ్ పెడల్‌కు ముందు. తరవాత పెడితే పాదం ఎంత దించితే అంత చిట్లుతుంది, ముందుంటే చిట్లడం ఒకే తీరున ఉండి శబ్దం మాత్రమే పెరుగుతుంది. ర్యాకు ఇంట్లో. అమ్మను.

అమ్మాయి: అమ్మమనలేదు. రివర్బ్ ఎంత పెడతావు?

బాబాయి: నీకెందుకు?

అమ్మాయి: ఎందుకంటే రివర్బ్ ఎక్కువైతే కడ్డీ ఎక్కడ నిలిచిందో నీకే వినపడదు. మెట్ల మీద వేలు నొక్కే గిటారు కాదిది. చిత్రవీణ లాగా గీత మీద కడ్డీని కంటితోనూ చెవితోనూ ఆపాలి. వెంట్రుకవాసి తేడా రివర్బ్‌లో దాక్కుంటుంది. ఇంట్లో సాధన పూర్తిగా పొడిగా చెయ్యి, రివర్బ్ లేకుండా, డిలే లేకుండా. హాల్లో కావలసినంత పెట్టుకో.

బాబాయి: పొడిగా వాయిస్తే ఈ వాద్యం కర్కశంగా ఉంటుంది. కూర్చోబుద్ధి కాదు. వాయించబుద్ధి పుట్టించేది కూడా సరంజామా పనే, అది నువ్వు లెక్కలో వెయ్యలేదు. సగం సగం. అరగంట పొడిగా, తరవాత నా ఇష్టం.

అమ్మాయి: అరగంట ఒప్పుకున్నాను. డిలే మాత్రం నిదానం పాటలకే. వేగం పాటల్లో ప్రతిధ్వని డ్రమ్స్ మీద పడుతుంది.

బాబాయి: ఒప్పుకోను. తక్కువ శబ్దంతో, ఒకే ఒక్క పునరావృత్తితో వేగం పాటలోనూ పెడతాను. వెనక ఉన్నట్టు తెలియదు, తీసేస్తే ఖాళీ తెలుస్తుంది.

అమ్మాయి: నీకు తెలుస్తుంది. హాలు చివర నిలబడ్డవాళ్లకు తెలుస్తుందా?

బాబాయి: నువ్వే చూడు. శనివారం హాలు చివర రికార్డర్ పెట్టు. ఒక వేగం పాట డిలేతో వాయిస్తాను, రెండో విడతలో అదే పాట లేకుండా.

అమ్మాయి: ఏది ఏదో నాకు ముందు చెప్పకూడదు.

బాబాయి: చెప్పను. నువ్వు కూడా నా పాదం వైపు చూడకూడదు.